సంచి ఎవరు సర్దిండ్రు?

ఇవాళ పొద్దున పదకొండు గంటలప్పుడు గోడ అవతలి నుంచి గసగసాలు వేయిస్తున్న వాసన వచ్చింది. నేను వాకిట్లో బియ్యం కడుగుతున్నాను. చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. మా రాయికల్‌లో ఆదివారం ఏ వాడకు పోయినా ఈ వాసన తగులుతుంది. మటన్ కూర చిక్కబడాలంటే గసగసాలు వేయించి, ఎండుకొబ్బరితో కలిపి నూరి వేయాల్సిందే. కానీ ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో గానీ, గోడ అవతలి పద్మ ఇంట్లో గానీ ఆ దినుసు పొయ్యి ఎక్కలేదు. దొరక్క కాదు. ఒకరికొకరం చెప్పుకోకుండానే రెండిళ్లలో మానేశాం. అలాంటిది ఇవాళ ఆ వాసన పద్మ వంటింట్లో నుంచే వస్తోంది. ఎందుకని అడిగే ధైర్యం లేక బియ్యం రెండోసారి కడిగాను, మూడోసారి కడిగాను. అంతసేపూ నాకు గుర్తొచ్చింది కూర కాదు. కోరుట్లలో రోడ్డు పక్కన ఒక గది, అందులో కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కూర్చున్న ఆశీర్వాదం సార్.

మీలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. చూసినవాళ్లు కూడా ఎంబసీ సార్ అంటేనే గుర్తుపడతారు. మేడిపల్లిలో ఒక దొర దగ్గర పాలేరుగా జీతమున్న మనిషి కొడుకు ఆయన. కోరుట్ల హాస్టల్లో ఉండి బడి చదువు, జగిత్యాలలో కాలేజీ చదువు, హైదరాబాద్ వెళ్లి పరీక్ష రాసి విదేశాంగ శాఖలో ఉద్యోగం. ముప్పై ఏళ్లు దాటిన ఆ కొలువులో తొమ్మిది దేశాలు తిరిగారు. మంచు దేశం, తుపాకులు మోగిన దేశం, ఎడారి దేశం, చివరికి సముద్రం మధ్యన ఒక చిన్న దేశానికి రాయబారి. రిటైరయ్యాక ఢిల్లీలోనే ఉంటారని అంతా అనుకున్నారట. భార్య పోయాక ఆయన రెండు పెట్టెలతో కోరుట్లలో దిగి, బస్టాండుకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు తీసుకుని, ముందు గదిలో ఒక బల్ల వేశారు. గల్ఫ్‌కు పోయినవాళ్ల జాడ తెలియనివాళ్లు, పాస్‌పోర్టు లాక్కున్నారని ఏడ్చేవాళ్లు, శవం ఎప్పుడొస్తుందని ఎదురుచూసేవాళ్లు ఆ బల్ల ముందుకు వచ్చేవారు. ఆయన వినేవారు, దరఖాస్తు రాసేవారు, పంపేవారు. మంత్రుల పక్కన కూర్చున్న మనిషి బీడీలు చుట్టే ఆడవాళ్లకు అర్జీలు రాసిపెట్టడమేమిటని పెద్దమనుషులు కొందరు నవ్వుకునేవారు. ఆ నవ్వు ఆయన చెవిన పడేది. పడినా బల్ల అక్కడే ఉంది.

ఇక నా సంగతి. నా పేరు భాగ్య. పుట్టింది సిరిసిల్లలో. మా బాపు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసేవాడు. ఇంటర్ పాసయ్యాక నన్ను రాయికల్‌కు ఇచ్చారు. నా భర్త శ్రీనివాస్ అప్పట్లో గల్ఫ్‌లో ఒక దేశంలో సెంట్రింగ్ పని చేసేవాడు. దేశం పేరు రాయను. ఏ దేశాన్నీ తక్కువ చేసి రాయొద్దన్నది సార్ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం. పక్కింటి రాజేశం నా భర్తను అన్నా అని, నన్ను వదినె అని పిలిచేవాడు. కల్లు గీసే ఇంటివాడు. తండ్రి తాటిచెట్టు మీద నుంచి పడి నడుము పోగొట్టుకున్నాక చెట్టు ఎక్కనని ఒట్టు పెట్టుకుని, అదే దేశానికి తొలిసారి బయల్దేరాడు. మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎవరు విమానం ఎక్కినా అది వాళ్లొక్కరి ప్రయాణం కాదు. అక్కడున్న మనవాళ్లందరికీ వీళ్ల సంచిలోనే మామిడికాయ తొక్కు పోవాలి, సకినాలు పోవాలి, మోకాళ్ల నొప్పుల మందు పోవాలి. కాదనడం మర్యాద కాదు. లోపల ఏముందని విప్పి చూడడం అంతకన్నా మర్యాద కాదు. నేనూ తొక్కు డబ్బా, సకినాలు, కారంపొడి ఇచ్చాను. ఆఖర్న, బాపు ఇచ్చిన నీలం గళ్ల గుడ్డతో చిన్న సంచి కుట్టి, పావుకిలో గసగసాలు పోసి, మూతి కూడా కుట్టేసి సకినాల నడుమ దోపాను. శ్రీనివాస్ అడగలేదు. అక్కడ మటన్ కూర నీళ్లు నీళ్లుగా ఉంటుందని ఎప్పుడో ఫోన్‌లో అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ముచ్చటపడి పెట్టాను.

మన దగ్గర కిరాణా కొట్టులో జీలకర్ర పక్కన ఉండే ఆ గింజ ఆ దేశంలో మత్తుమందు కింద లెక్క. నాకు తెలియదు, రాజేశానికి తెలియదు, మా వాడలో ఎవరికీ తెలియదు. శ్రీనివాస్ విమానాశ్రయం బయట పొద్దంతా నిలబడ్డాడు. రాజేశం బయటికి రాలేదు. సంచిలో మత్తు సరుకు దొరికిందని, జైల్లో పెట్టారని నాలుగో రోజు తెలిసింది. ఆ దేశంలో కొన్నేళ్లుగా ఉన్నవాడు కాబట్టి శ్రీనివాస్‌కు అనుమానం వచ్చి, గసగసాలేమన్నా పెట్టావా అని ఫోన్‌లో అడిగాడు. లేదన్నాను. ఆలోచించి అన్నది కాదు, భయానికి నోట్లోంచి ఊడిపడింది. ఒకసారి అన్నాక దాన్ని నిలబెట్టుకోవడమే నా పనైపోయింది. రాజేశం తల్లి లసుమవ్వ, పంపిన ఏజెంటే ఏదో పెట్టాడని నమ్మి, అతని ఇంటిముందుకు పోయి దుమ్మెత్తిపోసి శాపనార్థాలు పెట్టింది. నేను ఆమె పక్కనే నిలబడి, చెయ్యి పట్టుకుని ఓదార్చాను. ఇప్పటికీ ఆ దృశ్యం తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

రాజేశం భార్య పద్మ ఎవరో చెబితే విని కోరుట్ల ఎంబసీ సార్ దగ్గరికి బయల్దేరింది. నాలుగక్షరాలు వచ్చినదాన్నని నన్నూ తోడు రమ్మంది. రానంటే ఏమనుకుంటుందోనని వెళ్లాను. సార్ మమ్మల్ని కూర్చోబెట్టి, తానే లేచి నీళ్లిచ్చి, మొదటి నుంచి చెప్పమన్నారు. ఆయన పద్ధతి వేరుగా ఉండేది. రాసేది ఇంగ్లీషులో. రాసిన ప్రతి నాలుగు వాక్యాలకూ ఆగి, దాన్ని మళ్లీ మన భాషలో, మన యాసలో చదివి వినిపించేవారు. గదే సార్, నేను చెప్పింది గదే అని ఎదుటి మనిషి అనేదాకా ముందుకు కదిలేవారు కాదు. పద్మ చెప్పింది, ఆయన వినిపించారు, ఆమె తలూపింది. ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగారు.

"సంచి ఎవరు సర్దిండ్రు?"

"బట్టలు నేను సర్దిన సార్. అన్నకు పంపే డబ్బాలు మా అక్క పెట్టింది" అని పద్మ నా వైపు చూపించింది.

ఏమేం పెట్టావని నన్నడిగారు. తొక్కు, సకినాలు, కారంపొడి అన్నాను. మూడూ రాసుకుని కలం బల్ల మీద పెట్టారు.

"ఇంకేం లేదా బిడ్డా?"

లేదన్నాను. ఆయన వెంటనే కలం తీసుకోలేదు. రోడ్డు మీద ఒక బస్సు ఆగి, జనాన్ని దింపి, మళ్లీ బయల్దేరింది. అంతవరకూ ఊరికే కూర్చున్నారు. నన్ను తేరిపార చూడనూ లేదు, చూపు తిప్పుకోనూ లేదు. తర్వాత దరఖాస్తు పూర్తిచేసి పద్మతో సంతకం చేయించారు. మేం లేస్తుంటే, తన కళ్లు మసకబారుతున్నాయని, చేతిరాత బాగుంటే వచ్చి రాతపనిలో సాయం చేస్తావా అని నన్నడిగారు. గల్ఫ్ దేశాల్లో పనిచేసిన మనిషి, సంచుల్లో ఏమేం పోతాయో ఎరిగిన మనిషి. ఆయనకు ఆ నిమిషంలోనే తెలిసిందని నా నమ్మకం. నేనైతే ఆ దరఖాస్తుకు ఏం జవాబొస్తుందో ముందుగా నాకే తెలియాలన్న దొంగబుద్ధితో ఒప్పుకున్నాను.

అలా రోజూ పొద్దున బస్సెక్కి కోరుట్ల వెళ్లడం మొదలైంది. మొదటి వారం నేను రాసిన దరఖాస్తులన్నీ చించి అవతల పారేశారు. దయ చూపండి, కాళ్లు మొక్కుతాం, మీరే దేవుడు అని రాసేదాన్ని. ఆయన ఒక ఖాళీ కుర్చీని నా ఎదురుగా జరిపి, "గీ కుర్చీల ఒక ఆఫీసరు కూసున్నడనుకో. మంచోడే గని, పొద్దటి సంది ఫైళ్లు సూసి సూసి అలిసిపోయిండు. గాయనకు రాయి" అన్నారు. ఆ అలిసిపోయిన ఆఫీసరు తానేనని, ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నానని తర్వాత చెప్పారు. ముందు నమస్కారం, తర్వాత జరిగింది జరిగినట్టు, చివర్న ఏం కావాలో ఒక్క వాక్యం. ఏడుపు మనం రాయనక్కర్లేదు, జరిగింది సరిగ్గా రాస్తే చదివేవాడికే తెలుస్తుందనేవారు.

మధ్యాహ్నం బువ్వ తినేటప్పుడు ఆయన ఉద్యోగం ముచ్చట్లు వచ్చేవి. నేను రాజభవనాలు, విందులు అడిగేదాన్ని. ఆయన కుర్చీల గురించి చెప్పేవారు. ఒక దేశంలో ఆయన పనల్లా విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చూడటమేనట. మాటల్లేని రెండు దేశాల వాళ్లను ఒకే బల్లకు పిలవాల్సి వస్తే, చక్కెర గిన్నె ఒక్కటే పెట్టించి, ఇద్దరికీ సమానదూరంలో ఉంచేవారట. ఎవరో ఒకరు అందుకుని రెండోవారికి ఇవ్వక తప్పదు, ఇచ్చాక ఒక మాటైనా అనక తప్పదు. నేను నవ్వితే, నవ్వుతావేం, రెండేళ్లు పట్టింది గానీ మాట్లాడుకున్నారు అన్నారు. ఆ గదిలోనూ అదే చేసేవారు. పొలం గట్టు తగాదా పడ్డ అన్నదమ్ములిద్దరు, పరాయి దేశంలో చనిపోయిన తమ్ముడి కోసం వేర్వేరుగా వస్తే, ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి నడుమ ఒక్క నీళ్ల చెంబు పెట్టారు. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. పెద్దవాడు తాగి, కాసేపు పట్టుకుని, చిన్నవాడికి ఇచ్చాడు.

ఇంకో ముచ్చట నాకు తరచూ గుర్తొస్తుంది. ఆయనకు మొదటి పోస్టింగు చలి దేశంలో, ఓడరేవు ఊళ్లో. మన దేశపు ఓడ కార్మికుడొకడు అక్కడి ఆస్పత్రిలో పోయాడు. శవాన్ని పంపే దారి లేదు. ఖననానికి వచ్చింది ఇద్దరు కాటికాపరులు, ఈయన. చనిపోయినవాడు ఏ దేవుణ్ని మొక్కేవాడో తెలియదు. ఏ మంత్రం చదవాలో, ఏ ప్రార్థన చేయాలో తోచక, ఆ చలిలో చెప్పులు విడిచి నిలబడ్డారట. జెండా పెద్దవాళ్లకు కప్పుతారు, ఇతనికి ఏం కప్పాలని వెతికి, ఇంటి నుంచి తెచ్చుకున్న తువ్వాలను పెట్టె మీద పరిచారు. అది సిరిసిల్ల తువ్వాల. మీ బాపు నేసిందే కావచ్చని నాతో అన్నారు. తర్వాత ఆ కార్మికుడి తల్లికి ఉత్తరం రాశారు. ఆ రోజు ఎండ కాసిందని, నేల మెత్తగా ఉందని, దూరంగా సముద్రం కనిపిస్తుందని రాశారు. "ఇంటోళ్లకు సర్టిఫికెట్ ఒక్కటి సాలదు బిడ్డా. గా రోజు ఎండ ఉన్నదా, వాన పడ్డదా, పక్కన ఎవరన్న ఉన్నరా... గది కావాలె" అన్నారు. శవపేటికల కోసం వచ్చే కుటుంబాలకు ఆయన గంటల తరబడి ఫోన్లు చేయించి అవే వివరాలు ఎందుకు కనుక్కునేవారో నాకప్పుడు తెలిసింది.

ఏడో వారం రాజేశం దరఖాస్తుకు జవాబొచ్చింది. పద్మను పిలిపించి, కాగితం తెరిచి, ఎప్పటిలాగే మన భాషలో చదివి వినిపించారు. రాజేశం సకినాల డబ్బాలో గుడ్డ సంచి దొరికింది. అందులో గసగసాలున్నాయి. అది ఎవరిదని అడిగితే, అది నాదే, నేనే తెచ్చుకున్నాను, ఎవరూ పంపలేదు అని అతను చెప్పాడు. మూడుసార్లు అడిగినా అదే చెప్పాడు. కేసు విచారణకు రావాలి, ఏళ్లు పట్టవచ్చు. పద్మ అర్థంకానట్టు చూసింది. మా ఇంట్ల గసగసాలే లేవు సార్, ఆయన ఎందుకట్ల చెప్పిండు అని పదేపదే అడిగింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. డబ్బా ఎవరి కోసమో చెబితే బయట ఎదురుచూస్తున్న శ్రీనివాస్‌నూ పట్టుకుంటారని రాజేశం ఆ నేరం తన మీద వేసుకున్నాడు. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

నాకింకా రాతపని ఉందని చెప్పి పద్మను బస్సెక్కించి, తిరిగొచ్చి సార్ ముందు కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయన నా కోసం ఆగారు. అంతా చెప్పాను. ఏడ్చాను కూడా. ఆయన తిట్టలేదు, ఓదార్చలేదు. కాసేపటికి తన గురించి చెప్పారు. ఎడారి దేశంలో ఆయన చిన్న ఆఫీసరుగా ఉన్నప్పుడు ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చాడట, ఏదో కష్టంతో. నోరు తెరవగానే మన రాయికల్ వైపు మాట. సార్, మీ మాట వింటె మా దిక్కువారే అనిపిస్తుంది, ఏ ఊరని అడిగాడు. వెనకాల తోటి ఆఫీసర్లు ఉన్నారు. వాళ్లకు ఈయన మేడిపల్లి వాడని, జీతగాడి కొడుకని తెలియదు. హైదరాబాద్ అని చెప్పి, మిగతాదంతా ఇంగ్లీషులో మాట్లాడి, ఫలానా కాగితాలు తెమ్మని పంపేశారు. ఆ మనిషి తలూపి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఏమయ్యాడో ఎంత వెతికినా దొరకలేదు.

"ఒక్క ఊరు పేరు దాసిన. గా మనిషికి నా మీద నమ్మకం పోయింది. తొమ్మిది దేశాలు తిరిగిన గని, గా కిటికీ కాడి నుంచి నేను ఇంక కదలలేదు బిడ్డా."

ఈ బల్ల ఎందుకు వేశారో, ప్రతి దరఖాస్తునూ మన యాసలో ఎందుకు చదువుతారో అప్పుడు తెలిసింది. అంత పెద్దమనిషి తన సిగ్గును నా ముందు పెట్టడం చూసి నా సిగ్గు కొంచెం చిన్నదైంది. ఇప్పుడేం చేద్దామని అడిగాను. పెట్టింది నేనేనని, వంటకోసమని ప్రమాణపత్రం రాసి సంతకం పెడితే రాజేశానికి దారి దొరకవచ్చన్నారు. శ్రీనివాస్‌కు ఇబ్బంది రావచ్చని, రాదని అబద్ధం చెప్పలేనని కూడా అన్నారు. కలం తీసుకోబోతుంటే కాగితం మీద చెయ్యి పెట్టి ఆపారు.

"ముందు పద్మకు చెప్పు. పక్కింటికి తెల్వని సంగతి పరాయి సర్కారుకు తెల్వొద్దు."

మరునాడు పొద్దున పద్మ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. లసుమవ్వ పద్మ బిడ్డను ఆడిస్తోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. పద్మ చేతిలో ఉన్న బీడీ పూర్తిగా చుట్టి, దారం కట్టి, చాటలో పెట్టింది. లసుమవ్వ బిడ్డనెత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

"మా అత్త గా ఏజెంటు ఇంటిముంగట మన్ను పోసినప్పుడు నువ్వు పక్కనే ఉన్నవు గదా" అంది పద్మ. ఉన్నానన్నాను. చాలాసేపు తునికాకు ముక్కలు ఏరి ఒక పక్కకు చేర్చింది. తర్వాత, "ఎప్పుడు పోవాలె సంతకానికి?" అని అడిగింది. అక్కా అని పిలవలేదు. ఆ రోజుతో ఆ పిలుపు పోయింది.

శ్రీనివాస్‌కు ఫోన్ చేసి నిజం చెప్పాను. "రాజేశం నా పేరు దాసిండు. మనం మన పేరు దాసుకుంటె మనుషులమెట్లయితం? రాయి" అన్నాడు. జగిత్యాలలో నోటరీ ముందు సంతకం పెట్టాను. ఈ దినుసును అందరికీ అమ్ముతానని కిరాణా కొట్టు ఆయన రాసిచ్చాడు. మా ఊళ్లో ఇది ఆదివారం కూరలోకి వాడతారని సర్పంచ్ రాసిచ్చాడు. ఇవన్నీ చూసినా సార్ ఇంకా తృప్తిపడలేదు. ఆ సంచి కుట్టిన గుడ్డలో ఏమైనా మిగిలిందా అని అడిగారు. కుట్టు మిషన్ డ్రాయర్లో జానెడు ముక్క ఉంది. నీలం గళ్లు, అంచున బాపు వేసే ఎర్ర పోగు. దాన్ని ప్రమాణపత్రానికి గుండుసూదితో గుచ్చి, మీ దగ్గరున్న సంచి ఈ గుడ్డలోదేనని పోల్చి చూసుకోండి అని రాశారు. ఆ ఉత్తరంలో ఆ దేశపు చట్టం మీద ఒక్క విసురు కూడా లేదు. మీ చట్టం మాకు తెలియకపోవడం మా తప్పే, ఆ తప్పు చేసిన మనిషి జైల్లో లేదు, ఇక్కడ మీ జవాబు కోసం ఎదురుచూస్తోంది అని ఉంది. ఆ వాక్యం ఆయన చదివి వినిపించినప్పుడు, గదే సార్, నేను చెప్పింది గదే అన్నాను. అంతవరకూ ఎంతమంది నోటనో విన్న ఆ మాట మొదటిసారి నా నోటి నుంచి వచ్చింది.

అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల్లో సార్ పాత పరిచయాలతో ఎన్ని ఫోన్లు చేశారో నాకు తెలుసు. ఒక్కదాని గురించీ పద్మకు చెప్పలేదు, ఆశ పెట్టి నిరాశపరచడం పాపమని. శ్రీనివాస్‌ను రెండుసార్లు పిలిపించి అడిగి వదిలేశారు. రాజేశాన్ని మాత్రం మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టొద్దని చెప్పి విమానం ఎక్కించారు. జగిత్యాల బస్టాండులో మేమంతా నిలబడి ఉండగా చిక్కిపోయి దిగాడు. బిడ్డను ఎత్తుకున్నాడు, తల్లి కాళ్లు మొక్కాడు. నేను ఓ మూలన ఉన్నాను. నా దగ్గరికి వచ్చి, సకినాలు మాత్రం ఇద్దరు పోలీసోళ్లు తిన్నరు వదినె, మంచిగున్నయన్నరు అన్నాడు. అందరూ నవ్వారు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. పద్మ నవ్వలేదు.

సార్ పోయి రెండేళ్లవుతోంది. మేడిపల్లిలో మట్టిచేశారు. నేను ఇంటికి వచ్చి ఆయన చెల్లెలికి ఆ రోజు సంగతులన్నీ ఒక కాగితం మీద రాసి పంపాను, ఆమె కాళ్లు పడిపోయి రాలేకపోయింది కాబట్టి. కొంచెం మబ్బు పట్టిందని, వాన మాత్రం పడలేదని, తొమ్మిది ఊళ్ల మనుషులు వచ్చారని, పొలం గట్టు అన్నదమ్ములు ఒకే మోటార్ సైకిల్ మీద వచ్చారని రాశాను. చెప్పులు విడిచి నిలబడ్డామని కూడా రాశాను. ఇప్పుడు ఆ బల్ల మా ఇంటి ముందు గదిలో ఉంది. దరఖాస్తులు రాస్తాను. గల్ఫ్‌కు పోయేవాళ్లు సంచులు తెచ్చి దాని మీద విప్పుతారు. ఎవరు సర్దిండ్రు అని అడుగుతాను, పక్కింటివాళ్ల డబ్బా అయితే పక్కింటివాళ్లను పిలిపిస్తాను. మొదట్లో నా వెనక సణుక్కునేవారు, ఇప్పుడు వాళ్లే డబ్బాలు మోసుకొస్తారు. అన్నీ అయ్యాక ఇంకేం లేదా అని అడిగి ఊరుకుంటాను. అడగడం తేలికే. అడిగాక ఆగడమే ఆయన నాకిచ్చిన విద్య.

బియ్యం పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి పద్మ గోడ దగ్గర నిలబడి ఉంది. చేతిలో మూత పెట్టిన గిన్నె. అందుకున్నాను. వేడిగా ఉంది. మటన్ కూర, చిక్కగా, అదే వాసన. తీసుకున్నాక కూడా ఆమె కదల్లేదు. గోడ మీద పెచ్చు గోటితో గీకుతోంది.

"ఇంకేం లేదా పద్మా?" అన్నాను. ఆగాను.

రాజేశానికి వేరే దేశంలో పని కుదిరిందని, వచ్చే వారం ప్రయాణమని, ఈసారి మంచి కంపెనీ అని పెచ్చు వైపు చూస్తూనే చెప్పింది. కాగితాలన్నీ చూసి పెడతానన్నాను. అందుకు కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇంకా ఆగాను.

"సంచి నువ్వే సర్దాలె అక్కా" అంది.

గిన్నె గోడ మీద పెట్టి, చేతులు కడుక్కుని, వాళ్లింటికి నడిచాను.